టౌన్లో కోళ్ళూ ఆవులూ పెంచడం కుదురుతుందా? విజయనగరం నుంచి నా అనుభవం

మేడ మీద నాలుగు నాటుకోళ్ళు, వీలైతే కింద ఒక మేక పెట్టుకుందామని ఉంది, టౌన్లో కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. విజయనగరం కంటోన్మెంట్‌లో మేము చాలాకాలంగా కోళ్ళు పెంచుతున్నాం, మా బాబాయి అదే వీధిలో ఆవుని పెట్టుకున్నాడు. కోళ్ళని సాకడంలో పెద్ద పనేం లేదు. చిట్టు, నూకలు, కాసిని చోళ్ళు (రాగులు), మిగిలిన అన్నం వేస్తే చాలు. కష్టమంతా ఇరుగుపొరుగుతోనే.

ముందు పుంజు సంగతి. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు, పెట్ట తన మానాన తను గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజుతో పని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మా అత్తగారు నమ్మలేదు. "మగదిక్కు లేకండా గుడ్డెలా పెడతాది?" అని చీపురుపల్లి నుంచి ఒక పుంజుని గంపలో పెట్టి బస్సులో తెచ్చేశారు.

పుంజు తెల్లారితే కూస్తుందనుకునేవాళ్ళు పుంజున్న ఇంట్లో పడుకోలేదన్నమాట. అది బాగా చీకటి ఉండగానే మొదలెడుతుంది. దాని ఒంట్లోనే గడియారం ఉందని, రోజంతా మసక వెలుతురులోనే ఉంచినా వేళకి కూస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో తేల్చారు. అది చాలదన్నట్టు వెలుగు పడినా, ఇంకో పుంజు గొంతు వినబడినా కూడా అందుకుంటుంది. మా వీధిలో దీపాలు సరే, నైట్ డ్యూటీ దిగి వచ్చేవాళ్ళ బళ్ళ లైట్లు ఒకటి. పక్కింటి రిటైర్డ్ మాస్టారు ఓరోజు గేటు దగ్గర నిలబడి, "ఏటి బాబూ, మీ పుంజు రైల్వేలో ఉజ్జోగం చేస్తందేటి? ప్రతి బండికీ కూత పెడతంది" అన్నారు. సంక్రాంతికి ఆ సమస్య తీరిపోయింది. ఎలా తీరిందో వివరంగా రాయను గానీ, కూర మాస్టారింటికి కూడా పంపాం.

గుడ్ల మీద మరీ ఆశలు పెట్టుకోకండి. ఫారం కోడి ఏడాదికి 300 దాకా పెడుతుందేమో గానీ నాటుపెట్టకి 60, 80 వస్తే గొప్ప. పదో పన్నెండో పెట్టేసి పొదగడానికి కూర్చుంటుంది. 21 రోజులు కదలదు. కింద గుడ్లు ఉండాలన్న పట్టింపు కూడా లేదు. మా పెట్ట ఒకటి వంటింట్లో ఉల్లిపాయల బుట్టలో కూర్చుంది. అన్నాళ్ళూ కూరలోకి ఉల్లిపాయ కావాలంటే ఎడంచేత్తో దానికి పళ్ళెం అడ్డం పెట్టి, కుడిచేత్తో లాగాల్సి వచ్చేది.

కోళ్ళు మీ మేడ మీదే ఉంటాయని కూడా అనుకోవద్దు. ఒక ఎండాకాలం మా వెనకింటి పిన్నిగారు మేడ మీద చాప పరిచి మామిడి తాండ్ర పోశారు. మా జిల్లాలో భీమాళి తాండ్రకి పేరు, అయినా ఆవిడకి సొంతంగా పోస్తేనే తృప్తి. తాండ్రంటే తెలుసుగా, ఒక పొర రసం పోసి, ఎండాక దాని మీద ఇంకో పొర, అలా రోజూ. సగం ఎండిన పొర మీద మా పెట్ట ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడేసి వేళ్ళ అచ్చులు, చుక్కల ముగ్గు వేసినట్టు. ఇంక రెండు వీధులకీ వినబడేలా గొడవే అనుకున్నాం. పిన్నిగారు ఏమీ అనకుండా పైన ఇంకో పొర పోసేశారు. తాండ్ర కోసినప్పుడు మొదటి ముక్క మాకే వచ్చింది. తిన్నాం, ఏం చేస్తాం.

ఆవు సంగతి ఇంకో రకం. ఏడాదంతా బాబాయి మీద ఫిర్యాదులే: వాసన, దోమలు, కాలవలో పేడ. ధనుర్మాసం వచ్చిందా, ఆ ఫిర్యాదులు చేసినవాళ్ళే గొబ్బెమ్మలకి పేడ కావాలని తెల్లారేసరికి బకెట్లతో క్యూ. ఇంక గృహప్రవేశాలు. ఒకసారి కొత్త అపార్ట్‌మెంట్ రెండో అంతస్తుకి ఆవుని తోలుకెళ్ళారు. ఎక్కడం బాగానే ఎక్కింది, దిగమంటే దిగదు. మెట్ల దగ్గర కాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది. అరటిపళ్ళు చూపించారు, బతిమాలారు, పురోహితుడు ఇంకో ముహూర్తానికి వెళ్ళిపోయాడు. చివరికి మెట్ల మీద గడ్డి పరిచి, బాబాయి ముందు నడుస్తూ మాట్లాడుతుంటే ఒక్కో మెట్టే దిగింది. ఆ రెండో అంతస్తువాళ్ళు ఇప్పటికీ మెట్లు కడిగిన ఖర్చు గురించి చెబుతారు.

మీరు ఆవు దాకా వెళ్తే మాత్రం దాన్ని వీధుల్లోకి వదిలేయకండి. ఆవు ముందు మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. తొక్కలున్న ప్లాస్టిక్ సంచిని సంచితో సహా మింగేస్తే అది పొట్టలోనే ఉండిపోతుంది. ఇందులో నవ్వుకోవడానికేమీ లేదు.

మేక వద్దు. ఒక్కదాన్నే కడితే తోడు లేక రోజంతా అరుస్తుంది, రెండు తెస్తే వీధిలో కరివేపాకు చెట్టన్నది మిగలదు.

కోళ్ళయితే మూడు పెట్టలతో మొదలెట్టండి. గూటికి సన్నకన్ను ఇనుప వల వేయండి, పిల్లులూ ముంగిసలూ టౌన్లో కూడా ఉన్నాయి. పిల్లలుగా తెస్తే, పుట్టిన వారం లోపు కొక్కెర తెగులు (కోళ్ళకొచ్చే అంటురోగం) రాకుండా చుక్కల టీకా వేయించండి, పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. రెట్ట రోజూ ఎత్తేసి కుండీలకి వేసే ముందు కొన్నాళ్ళు మాగనివ్వండి, పచ్చిది వేస్తే మొక్కలు మాడిపోతాయి. మొదటి నాలుగు గుడ్లూ మాత్రం కింద వాటాలో ఉండేవాళ్ళకి ఇచ్చేయండి, వాళ్ళు అడక్కముందే.