కూర్చోగానే టీ ఏదని అడుగుతారు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

హాంకాంగ్ వీసా వచ్చిందని, వచ్చే నెలలోనే ప్రయాణమని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషించానో. ఒక సూట్‌కేసు నిండా పచ్చళ్ళు, పొడులు, ఉప్మా ప్యాకెట్లే సర్దుతున్నావట కదా. పట్టుకెళ్ళు తల్లీ, తప్పు లేదు. కానీ ఆ సూట్‌కేసు ఖాళీ అయ్యేదాకా బయట ఏమీ తిననని మాత్రం అనుకోకు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేను ఆ ఊళ్ళో 22 ఏళ్ళున్నాను. వెళ్ళిన కొత్తలో 8 నెలలు బయట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అద్దాల వెనక వేలాడే బాతులు, నీళ్ళ తొట్టెల్లో ఈదే చేపలు, తెలియని వాసనలు చూసి భయపడి, పెరుగన్నం తిని పడుకునేదాన్ని. ఆ 8 నెలల్లో నాకు ఒక్క మనిషి కూడా పరిచయం కాలేదు. తర్వాత అర్థమైంది. అక్కడ ఇళ్ళు చాలా చిన్నవి. మనలాగా ఎవరినీ ఇంటికి భోజనానికి పిలవరు. పుట్టినరోజైనా, పెళ్ళిచూపులైనా, ముసలి తల్లిదండ్రులతో ఆదివారం గడపడమైనా, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లను కలుపుకోవడమైనా, అన్నీ హోటల్లో బల్ల దగ్గరే జరుగుతాయి. నువ్వు బల్ల దగ్గరికి రాకపోతే వాళ్ళకు నువ్వు తెలిసే దారే లేదు.

కాబట్టి వెళ్ళిన మొదటి ఆదివారమే యామ్ చా కి వెళ్ళు. యామ్ చా అంటే టీ తాగడం అని అర్థం, కానీ అది పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగే టిఫిన్. టీతో పాటు చిన్న చిన్న వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన పలహారాలు వస్తాయి. వాటినే డిమ్ సమ్ అంటారు. నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది మా పక్క ఫ్లాట్ ముసలావిడ. పో పో అని పిలిచేదాన్ని. మనం అమ్మమ్మా అన్నట్టు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, నాకు కాంటనీస్ రాదు. చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి లాక్కెళ్ళింది.

కూర్చోగానే తిండి సంగతి అడగరు, టీ ఏదని అడుగుతారు. ఇక్కడే కొత్తవాళ్ళు తడబడతారు. బో లే అంటే నల్లగా, చిక్కగా, మట్టి వాసనతో ఉంటుంది. నూనె వంటకాలు అరగడానికి మంచిదని పెద్దవాళ్ళు అదే తాగుతారు. హ్యోంగ్ పిన్ అంటే మల్లెపూల టీ. నీకు మొదట అదే నచ్చుతుంది. పాలు, పంచదార అడగకు. మొదట వచ్చిన వేడి టీతో గిన్నె, కప్పు, చాప్‌స్టిక్స్ కడిగి, ఆ నీళ్ళు అక్కడే పెట్టిన పెద్ద గిన్నెలో పారబోస్తారు. నీ పక్కన పెద్దవాళ్ళుంటే వాళ్ళవి కూడా నువ్వే కడుగు. కుండలో నీళ్ళు అయిపోతే ఎవరినీ కేకెయ్యక్కర్లేదు, మూత కొంచెం పక్కకు జరిపి పెడితే వాళ్ళే చూసి వేడినీళ్ళు పోస్తారు.

ముందు పక్కవాళ్ళ కప్పులు నింపి చివర నీది నింపుకో. నీకు ఎవరైనా టీ పోస్తుంటే రెండు వేళ్ళు మడిచి బల్ల మీద మెల్లగా తట్టు. అదే థాంక్స్. చైనా చక్రవర్తి చియెన్ లుంగ్ మారువేషంలో తిరుగుతూ ఒకసారి తన సేవకుడికి తనే టీ పోశాడట. లేచి సాష్టాంగపడితే రహస్యం బయటపడుతుంది కదా, అందుకని ఆ సేవకుడు వేళ్ళతోనే దండం పెట్టాడట. పో పో నాకు ఈ కథ చేతులతో నటించి చెప్పింది. పూర్తిగా అర్థం కావడానికి ఆరేడు ఆదివారాలు పట్టింది.

తోపుడు బళ్ళ మీద బుట్టలు తిప్పే హోటళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. బల్ల మీద కాగితం, పెన్సిల్ ఉంటాయి, కావలసిన వాటికి టిక్కు పెట్టాలి. కొన్నిచోట్ల ఫోన్తో స్కాన్ చేయాలి. కాగితం మీద చిన్న, మధ్య, పెద్ద, ప్రత్యేక అని వరుసలుంటాయి. అవి సైజులు కావు, ధరల తరగతులు. బిల్లులో మనిషికింత అని టీ డబ్బు, మీద 10 శాతం సర్వీసు పడతాయి. అడక్కుండా బల్ల మీద పెట్టిన వేరుశనగల ప్లేటుకు కూడా డబ్బు వేస్తారు. వద్దనుకుంటే మొదటే తిరిగి ఇచ్చెయ్. ఇద్దరికి ఐదారు బుట్టలు చాలు.

నువ్వు కోడి, చేప, రొయ్య తింటావు, బీఫ్, పోర్క్ తినవు. కాబట్టి హా గావ్ తో మొదలుపెట్టు. పల్చటి, మెరిసే పొరలో రొయ్యలు కనిపిస్తూ ఉంటాయి. ఆ పొర చిరగకుండా, అంటుకోకుండా ఉంటే వంటవాడు మంచివాడని లెక్క. రొయ్యలు పెట్టిన చ్యోంగ్ ఫన్ కూడా తిను, అది బియ్యప్పిండితో చేసిన మెత్తటి చుట్ట. సియూ మై లో రొయ్య కనిపించినా అసలు సరుకు పంది మాంసమే. తామరాకులో కట్టిన జిగురన్నం, లో మై గై, పేరులో కోడి ఉంది కదా అని నమ్మకు, లోపల పంది సాసేజ్ ముక్కలుంటాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్తాను. ఆ ఊరి వంటలో పంది కొవ్వు, ఎముకల నీళ్ళు కంటికి కనపడకుండా చాలాచోట్ల ఉంటాయి. నూడుల్స్ సూప్‌లో, కొన్నిచోట్ల ఎగ్ టార్ట్ పొరల్లో కూడా. ముక్క తినకపోతే చాలా, కొవ్వు కూడా తగలకూడదా అన్నది నువ్వే ఇంట్లో కూర్చుని తేల్చుకో. పదిమంది ముందు బల్ల దగ్గర తేల్చుకునే విషయం కాదది. తేల్చుకున్నాక మాత్రం మొహమాటపడకుండా చెప్పు. బీఫ్ తిననంటే వాళ్ళేమనుకుంటారోనని నేను చాలా టెన్షన్ పడేదాన్ని. తీరా చూస్తే, కున్ యామ్ అమ్మవారిని కొలిచే చీనా వాళ్ళలో కూడా చాలామంది గొడ్డు మాంసం ముట్టరట. పో పో కూడా తినేది కాదు. అది తెలిసిన రోజు ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వాను.

చెప్పడం కూడా నేర్పిస్తాను. చిన్నప్పుడు అక్షరమాలలో 'ఙ' నేర్చుకున్నావు కదా, మళ్ళీ ఎక్కడా వాడలేదు. కాంటనీస్‌లో అది మాటకు మొదట్లోనే వస్తుంది, మనకు నోరు తిరుగుతుంది. 'ఙో మ్ సిక్ ఙావ్ యుక్' అంటే నేను గొడ్డు మాంసం తినను. పోర్క్ అయితే 'జ్యూ యుక్'. పిలవాలన్నా, థాంక్స్ చెప్పాలన్నా 'మ్ గోయ్'. బిల్లుకు 'మాయ్ దాన్'. ఈ నాలుగు మాటలతో నేను రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం చా చాన్ తెంగ్ లకు వెళ్తారు. మన ఇరానీ కేఫ్‌లలాగే సందడి. కొత్తవాళ్ళ బల్ల దగ్గర ఖాళీ కుర్చీలో కూర్చోబెడతారు, దానిని దాప్ తోయ్ అంటారు, అది మామూలే. పక్కవాళ్ళతో మాట్లాడక్కర్లేదు, ప్లేటు విసురుగా పెట్టినా కోపమని అనుకోకు. మధ్యాహ్నం అందరికీ తొందరే, తినగానే లేవాలి. టిష్యూలు నీ బ్యాగులో ఉంచుకో. అక్కడి పాల టీ తప్పకుండా తాగు. సిలోన్ టీ పొడిని పొడవాటి గుడ్డ సంచిలో వడకట్టి, చిక్కటి డబ్బా పాలు కలుపుతారు. మన టీ కొట్టు గుడ్డే గుర్తొస్తుంది. ఆ టీ చేసే పద్ధతిని 2017లో హాంకాంగ్ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. కాఫీ, టీ కలిపి ఇచ్చే యున్ యోంగ్ నాకు ఎప్పుడూ నచ్చలేదు, నువ్వు తాగి చూడు.

కారం లేదని జాలిపడకు. ఇది మీ పెదనాన్న ఆఖరిదాకా ఒప్పుకోని విషయం, నేను మాత్రం గట్టిగా చెప్తాను. ఆవిరి మీద ఉడికించిన చేప తిను. బతికున్న చేపను అప్పటికప్పుడు కోసి, కొద్ది నిమిషాలు ఉడికించి, అల్లం, ఉల్లికాడలు వేసి, పొగలొచ్చే నూనె, సోయా సాస్ పోస్తారు. అంతే. చేపల పులుసు అలవాటైన నాలుకకు మొదటిసారి చప్పగా ఉంటుంది, మూడోసారికి చేప అసలు రుచి తెలుస్తుంది. చేప బాగా లేకపోతే దాచడానికి అందులో ఏ మసాలా లేదు. పై భాగం తిన్నాక చేపను తిప్పకు, పడవ బోల్తా పడ్డట్టని జాలర్ల నమ్మకం. ముల్లు ఎత్తేసి కింది భాగం తింటారు.

సాయ్ కుంగ్, లే యూ మున్ లాంటి సముద్రం ఒడ్డు చోట్లకు వెళ్తే మాత్రం తూకం జాగ్రత్త. అక్కడ లెక్క కిలోల్లో ఉండదు. ఒక గాన్ సుమారు 605 గ్రాములు, అందులో 16 లియోంగ్‌లు. అంటే ఒక లియోంగ్ 38 గ్రాములు కూడా లేదు. బోర్డు మీద రాసిన ధర గాన్‌కా లియోంగ్‌కా అని అడక్కుండా మేము ఒకసారి పీత తూయించాం. ఆ రోజు బిల్లు చూసి మీ పెదనాన్న మొహం పాలిపోయింది. తూయించి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకుని, అప్పుడే వండమను.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. డిసెంబరులో వస్తున్నారట, పూర్తి శాకాహారి. ఇది శ్రద్ధగా చదువు.

నా దగ్గరికి అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఒకసారి వచ్చింది. యామ్ చా కి తీసుకెళ్ళి లో బాక్ గో తెప్పించాను. ముల్లంగి తురుము, బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు. ముల్లంగి, బియ్యప్పిండి, ఇంకేముంటుందిలే అనుకున్నాను, అడగలేదు. అమ్మ ఇష్టంగా రెండు ముక్కలు తింది. మూడో ముక్కలో చిన్న గులాబీ రంగు తునక కనిపించింది. ఎండు రొయ్య. అమ్మ ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి మంచినీళ్ళు తాగింది. ఆ రోజు రాత్రి కూడా ఏమీ తినలేదు. నన్ను ఒక్క మాటంటే బాగుండేది.

అందుకని పేరులో కూరగాయ ఉందని ఏదీ నమ్మకు. ఆకుకూర మీద పోసేది ఆయిస్టర్ సాస్, అంటే ఆలుచిప్పల రసంతో చేసేది. టోఫూలో, వంకాయలో, బీన్స్‌లో పంది కీమా వేస్తారు. ఆఖరికి తెల్లటి గంజి కూడా ఎముకల నీళ్ళతోనో, ఎండబెట్టిన సముద్రపు ఆలుచిప్పల మాంసంతోనో కాచి ఉండవచ్చు. ఇంగ్లిష్‌లో దానిని కాంజీ అంటారే, ఆ మాట మన దక్షిణాది గంజి నుంచి వెళ్ళిందే. వినగానే మన తిండే అనిపిస్తుంది, అయినా అడుగు.

వెజిటేరియన్ అంటే కొందరికి మాంసం ముక్క లేకపోతే చాలని అర్థం. 'సిక్ జాయ్' అను. బౌద్ధుల పద్ధతిలో శాకాహారం అని అందరికీ తెలుస్తుంది. కార్తీకమాసంలో మనం మానేసినట్టు వాళ్ళు అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చాలామంది జాయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో ఆ హోటళ్ళు కిటకిటలాడతాయి, ముందే బుక్ చేసుకో. డైమండ్ హిల్‌లో చీ లిన్ సన్యాసినుల మఠం వాళ్ళది ఒకటుంది, నాన్ లియాన్ తోటలో, జలపాతం వెనక. మీ అత్తగారిని మొదట అక్కడికే తీసుకెళ్ళు. లాంటావ్ దీవిలో పెద్ద బుద్ధుడి దగ్గర పో లిన్ మఠంలో కూడా శాకాహార భోజనం పెడతారు. 268 మెట్లున్నాయి, ఆవిడ మోకాళ్ళు చూసుకో, మెట్లెక్కకపోయినా భోజనం చేయవచ్చు. ఒకటి మాత్రం ముందే చెప్పి ఉంచు. జాయ్ హోటళ్ళలో టోఫూ పొరలతో, గోధుమ జిగురుతో అచ్చం బాతు మాంసంలా, చేపలా కనిపించేవి చేస్తారు. తెలియకుండా చూస్తే ఆవిడ మనసు కలుక్కుమంటుంది.

రాత్రి తీపి తినిపించు. వేడి పాలు అల్లం రసం మీద పోస్తే తోడుకుంటుంది, గిన్నెలో వణుకుతూ అచ్చం జున్నులా వస్తుంది. నల్ల నువ్వులు నూరి కాచిన పాయసం వాసన చూస్తే ఆవిడకు చిమ్మిలి గుర్తొస్తుంది.

ఇంటి తిండి మీద బెంగ కలిగినప్పుడు సిమ్ షా సుయ్ వైపు వెళ్ళు. అక్కడ దోసెలు, సాంబారు దొరికే హోటళ్ళున్నాయి, చుంగ్ కింగ్ మాన్షన్స్ అనే భవనంలో మన ఉపఖండం వంటలన్నీ ఉన్నాయి. నెలకు రెండుసార్లు వెళ్ళు, రోజూ వద్దు.

ఆఫీసు విందుల్లో చూసుకోవలసినవి తక్కువే. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకు, చనిపోయినవాళ్ళకు అగరొత్తులు అలాగే గుచ్చుతారు. ఒక్కొక్కరికి రెండు జతలు పెడితే ఒకటి వడ్డించుకోవడానికి, ఒకటి తినడానికి. 2003లో సార్స్ అంటురోగం వచ్చాక ఈ అలవాటు బాగా పెరిగింది, మన ఎంగిలి పట్టింపుకు ఎంత హాయిగా ఉంటుందో.

లో బాక్ గో సంగతి తెలిసి పో పో నా మీద కోప్పడింది, నన్నెందుకు అడగలేదని. మర్నాడు పొద్దున్నే ఒక అట్టముక్క తెచ్చి ఇచ్చింది. ఒకవైపు, ఈమె జాయ్ మనిషి, మాంసం, చేప, ఎండు రొయ్య, ఆయిస్టర్ సాస్, ఎముకల నీళ్ళు ఏవీ వద్దు అని చీనా అక్షరాల్లో రాసి ఉంది. రెండోవైపు నా కోసం, గొడ్డు మాంసం, పంది మాంసం వద్దు అని. అమ్మ ఉన్న మిగతా నెలరోజులూ అది చూపించే తెప్పించుకున్నాం. ఇప్పుడు ఆవిడా లేదు, అమ్మా లేదు. ఆ అట్టను కవర్లో పెట్టి మీ అమ్మకు పంపుతున్నాను. మూలలు నలిగాయి, అక్షరాలు బాగానే ఉన్నాయి. ఫోటో తీసి ఫోన్లో పెట్టుకో, అసలుది పర్సులో ఉంచు. మొదటి ఆదివారం ఏ టీ చెప్పావో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ