వాడని లేన్లన్నీ గ్రౌండ్ చేస్తానన్నాను... హార్డ్‌వేర్ వదిలేయాలా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ ఈసీఈ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక బోర్డు డిజైన్ కంపెనీ ఇంటర్వ్యూలో ‘ఎఫ్‌పీజీఏలో (మనకు కావాల్సినట్టు అమర్చుకోగల చిప్‌లో) ఎనిమిది హైస్పీడ్ సీరియల్ లేన్లు (డేటాని వేగంగా పంపే, అందుకునే దారులు) ఉన్నాయి, మీకు నాలుగే కావాలి. మిగతా నాలుగింటిని ఏం చేస్తారు?’ అని అడిగారు. అన్నీ గ్రౌండ్‌కి కలిపేస్తానన్నాను. మళ్లీ కబురు లేదు. అమీర్‌పేటలో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఒక్క ఇంటర్వ్యూ చూసి దారి మార్చుకోకండి. మీ జవాబులో సగం సరైనదే. కాకపోతే అది చెప్పేముందు ‘ఏ చిప్ అండీ?’ అని మీరు అడగాల్సింది. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు బోర్డులు గీసినవాణ్ని. అభ్యర్థి నోట ముందుగా ఆ ప్రశ్న వస్తుందేమోనని నేనూ చూసేవాణ్ని.

ఉదాహరణకు జైలింక్స్ కంపెనీ ఎఫ్‌పీజీఏ కింటెక్స్-7 తీసుకోండి (2022లో జైలింక్స్ ఏఎండీలో కలిసిపోయింది). అందులో నాలుగేసి లేన్లు ఒక క్వాడ్. వాడని రిసీవర్ పిన్నులను గ్రౌండ్ చేయమని, ట్రాన్స్‌మిటర్ పిన్నులను దేనికీ కలపకుండా వదిలేయమని దాని గైడ్ చెబుతుంది. కారణం ఆలోచిస్తే తడుతుంది. రిసీవర్ ఉన్నదే బలహీనమైన సిగ్నల్‌ని పట్టుకోవడానికి. దాన్ని గాల్లో వదిలేస్తే పక్క ట్రేసుల (బోర్డు మీది రాగి గీతల) నాయిస్‌ని పట్టుకుంటుంది. ట్రాన్స్‌మిటర్ పిన్ను లోపల 50 ఓమ్‌ల మీదుగా 1.2 వోల్టుల సప్లైకి కలిసి ఉంటుంది. దాన్ని గ్రౌండ్ చేశాక కాన్ఫిగరేషన్ పొరపాటున డ్రైవర్ ఆన్ అయితే లెక్క మీరే వేయండి: పిన్నుకి 24 మిల్లీఆంపియర్లు ఊరికే పోతాయి.

దీనిలో ఇంకో మెలిక ఉంది. టెర్మినేషన్‌ని (సిగ్నల్ వెనక్కి తిరగకుండా లైన్ చివర ఉండే రెసిస్టెన్స్‌ని) సరిచేసే 100 ఓమ్‌ల, 1 శాతం రెసిస్టర్ ఒకటి ఉంటుంది. కొన్ని క్వాడ్‌లకు కలిపి అది ఒక్కటే. అది తగిలే క్వాడ్ మనకు అక్కర్లేదు కదా అని రెసిస్టర్ తీసేస్తే, వాడుతున్న లేన్లకూ క్యాలిబ్రేషన్ ఉండదు.

ఇదే నియమాన్ని పట్టుకుని పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కంప్యూటర్‌లో చిప్‌లని, కార్డులని కలిపే లింక్) దగ్గరికి వెళితే బోల్తా పడతారు. అక్కడ ట్రాన్స్‌మిటర్ ముందుగా అవతల రిసీవర్ ఉందో లేదో తడిమి చూస్తుంది. లైన్ ఛార్జ్ అయ్యే తీరుని బట్టి తెలుసుకుంటుంది. వాడని లేన్ కదా, రిఫ్లెక్షన్లు రాకూడదని మీరు శ్రద్ధగా చివర 50 ఓమ్‌లు పెట్టారనుకోండి. అవతల ఎవరో ఉన్నారని అది నమ్ముతుంది. పలకరిస్తే బదులు రాదు. టెస్టింగ్ కోసం ఉద్దేశించిన కంప్లయన్స్ మోడ్‌లోకి లింక్ జారిపోవచ్చు. అక్కడ వాడని ట్రాన్స్‌మిట్ జతని ఓపెన్‌గా వదలడమే మేలు. నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం. మంచి ఉద్దేశంతో పెట్టిన రెండు రెసిస్టర్లు బోర్డుని ఆపేయగలవని ఏ క్లాసులోనూ నాకు చెప్పలేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాడని క్వాడ్‌లు విడి పవర్ గ్రూపులో ఉన్నాయని దాని పవర్ బాల్స్ (చిప్ అడుగున సప్లై అందుకునే సోల్డర్ బిందువులు) అన్నీ గ్రౌండ్ ప్లేన్‌కి దించేశాను. గైడ్ ప్రకారం తప్పు లేదు. ఆరు నెలలకు కస్టమర్ ఇంకో రెండు లేన్లు కావాలన్నారు. బీజీఏ (అలా అడుగున బాల్స్ ఉండే చిప్) కింద ఉన్న వయాని (బోర్డు పొరలను కలిపే రంధ్రాన్ని) ఎవరు కోయగలరు? బోర్డు మొత్తం రీస్పిన్, అంటే మళ్లీ గీసి మళ్లీ చేయించడమే. ‘ఈ లేన్లు రేపు కావాలేమో’ అని ఒక్క మాట నేను ముందే అడగలేదు. అవసరం రావచ్చనిపిస్తే పవర్ ఇవ్వాలి, ట్రేసులు కనెక్టర్ దాకా గీయాలి, కెపాసిటర్ల ప్యాడ్లు మాత్రం డీఎన్‌పీగా (భాగం అతికించకుండా ఖాళీగా) ఉంచాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, తెలిసే పెట్టుకుంటాం.

ఇక మీ సంగతి. బోర్డు డిజైన్‌లో ఫ్రెషర్లకు ఖాళీలు సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ, నాన్నగారి భయంలో న్యాయం ఉంది. కానీ హైదరాబాద్‌లో ఏఎండీ, ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ల్యాబ్‌లు ఉన్నాయి. డీఆర్‌డీఓ సైంటిస్ట్-బికి గేట్ స్కోరు కావాలి కాబట్టి ఆ చదువు వదలకండి. నాన్నగారిని ఆరు నెలల గడువు అడగండి. ఈలోగా పైథాన్ నేర్చుకుంటే ఆయనకూ ధైర్యం, టెస్టింగ్‌లో మీకూ పనికొస్తుంది.

ఈ వారమే పైన చెప్పిన కింటెక్స్-7 గైడ్, యూజీ476, ఉచితంగా దించుకుని, బోర్డు డిజైన్ గురించి ఉన్న ఐదో అధ్యాయం చదవండి. కీక్యాడ్‌లో (బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) రెండు క్వాడ్‌లున్న చిన్న స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీయండి. వాడని ప్రతి పిన్ను పక్కన దాన్ని ఎందుకలా వదిలారో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక వాక్యం రాయండి. తర్వాత ఇంటర్వ్యూ చేసినవారికే మెయిల్ పెట్టండి: ‘ఆ రోజు చిప్ ఏదని అడగలేదు, ఇప్పుడు చదివి ఇలా గీశాను, తప్పులుంటే చెప్పండి’ అని. జవాబు రాకపోతే ఆ స్కీమాటిక్ పీడీఎఫ్‌నే వచ్చే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.