రెంటచింతల వాణ్ణి అడిగారు కాబట్టి చెబుతున్నా

ప్రశ్న ఇది: "మన తెలుగు రాష్ట్రాల్లో ఎండాకాలం బయట అడుగు పెట్టలేం, వానాకాలం బురద, చలికాలం గట్టిగా రెండు నెలలు కూడా ఉండదు. ఇలాంటి చోట ఆరుబయట గడపడాన్ని ఏడాదంతా ఆస్వాదించడం సాధ్యమేనా? అన్నిటికంటే ఏ కాలం మేలు?"

మాది పల్నాడులో రెంటచింతల. నలభై దాటిన వాళ్ళెవరైనా మా ఊరి పేరు రేడియోలో వినే ఉంటారు. ఎండలు ముదిరాయంటే చాలు, ప్రాంతీయ వార్తల చివర్లో "రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో" అని చదివేవాళ్ళు. మాకది పరువు విషయం. ఏ రోజైనా ఖర్మకాలి రామగుండం పేరు చదివితే మా ఇంట్లో అందరికీ చిన్నతనంగా ఉండేది. తాతయ్యైతే "వాళ్ళ మీటరు తప్పు చూపిస్తంది" అని తేల్చేసేవాడు.

కాబట్టి నా జవాబు ఎండాకాలం. నవ్వుకోండి, పర్లేదు.

ఎండల్లో రెండు రకాలుంటాయి. విజయవాడ ఎండ ఒకటి, మా ఎండ ఒకటి. విజయవాడలో నలభై డిగ్రీలుంటే చాలు, చెమట పట్టి ఒంటి మీదే ఉండిపోతుంది, ఆరదు. దాన్నే ఉక్క అంటాం. మా వైపు నేల కింద అంతా నాపరాయి, సముద్రపు గాలి మా దాకా రాదు, గాలిలో తడి ఉండదు. నలభై నాలుగు డిగ్రీల్లో కూడా చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చెట్టు నీడకు చేరితే ప్రాణం కుదుటపడుతుంది. మా నలభై నాలుగు వాళ్ళ ముప్పై ఎనిమిదితో సమానమని నా లెక్క. ఎవరూ కొలిచి చూడలేదు, నేను మాత్రం రెండు చోట్లా బతికాను.

పగలు పదింటి నుంచి ఐదింటి దాకా వీరత్వం చూపించమని నేననను. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఆ ఎండ చిన్నది కాదు. ఆ వేళ తలుపులేసుకుని పడుకోవడమే పని. నేను చెప్పేది మిగతా పదిహేడు గంటల గురించి.

మా ఇల్లు నాపరాళ్ళతో కట్టింది. పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటికి లోపలికి కక్కడం మొదలుపెడుతుంది. అందుకని ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఇంటిల్లిపాదికీ డాబా మీదే పడక. ఆ ఏర్పాటు సాయంత్రం ఐదున్నరకే మొదలు. పిల్లలం వరసగా నిలబడి బావి దగ్గర్నుంచి బకెట్లు అందించుకుంటూ పైకి చేరవేసేవాళ్ళం. మొదటి బకెట్ పోస్తే సుయ్యిమని ఆవిరి లేచేది, నీళ్ళు తూము దాకా కూడా పోయేవి కావు. రెండోది కాస్త తడి మిగిల్చేది. నాలుగో బకెట్‌కి గానీ డాబా లొంగేది కాదు. ఆ వాసన మీకు తెలిస్తే తెలుస్తుంది, నేను రాసి చెప్పలేను. ఏడింటికి చాపలు, బొంతలు, నాయనమ్మకు నవారు మంచం, తాతయ్యకు నులక మంచం, తలాపున కూజా. ఉత్తరాన ఏడు చుక్కలు చూపించి నాయనమ్మ "ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు" కథ చెప్పేది. ఆగ్నేయంలో తోక ఎత్తుకుని తేలు పైకొచ్చేసరికి సగం మందిమి నిద్రపోయేవాళ్ళం.

నాకు పన్నెండేళ్ళప్పుడు, రోహిణి కార్తెలో, మా మేనత్త కొడుకు విజయవాడ నుంచి సెలవులకొచ్చాడు. నాకు బావ వరుస, ఏడాది పెద్ద. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. ఫ్యాను లేదంటాడు, దోమలంటాడు, చాప గుచ్చుకుంటోందంటాడు. మూడో రోజు రాత్రికి "అమ్మమ్మా, రేపు నేను మా ఇంటికి పోతా" అని తేల్చి చెప్పి, మూతి ముడుచుకుని పిట్టగోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రాత్రి ఒంటిగంట దాటాక నాకు మెలకువ వచ్చింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. వేపచెట్టు బొమ్మ గీసినట్టు నిలబడి ఉంది. పడమర వైపు మెరుస్తోంది, చప్పుడు మాత్రం లేదు. నాయనమ్మ అప్పటికే లేచి కూర్చుంది. "ఒరేయ్, దిగండిరా, మబ్బు కమ్ముకొస్తంది" అంటే తాతయ్య కళ్ళు తెరవకుండానే "నాలుగు చినుకులు రాలి పోయిద్ది, పడుకోండి" అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. ముందు దుమ్ము వచ్చింది, నోట్లో కరకరలాడింది. ఆ వెనకే గాలిదుమారం. మా బాబాయి చాప లేచి పిట్టగోడ దాటి పక్కింటి గడ్డివాములో పడింది. వాన జల్లుగా మొదలవ్వలేదు, ఎవరో గంగాళం బోర్లించినట్టు ఒక్కసారే వచ్చింది.

అందరం మెట్ల మీదికి పరిగెత్తాం. అందరికంటే ముందు ఎవరు? నాలుగు చినుకులన్న తాతయ్య. ఊరికే దిగాడా అంటే లేదు, నులక మంచాన్ని నెత్తిన పెట్టుకుని దిగాడు. మెట్ల మలుపు దగ్గర ఆ మంచం అడ్డంగా ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. కింద తాతయ్య, పైన వానలో మేం తొమ్మిది మందిమి. నాయనమ్మ తడిసిన బొంతను నెత్తి మీద కప్పుకుని, "కోళ్ళు పైకి తిప్పవయ్యా, ఎన్నేళ్ళు మోశావు ఆ మంచాన్ని" అని అరుస్తోంది. తాతయ్య "నువ్వు అరవకపోతే తిరిగిద్ది" అంటున్నాడు. అప్పుడు నా పక్కన ఎవరో పగలబడి నవ్వడం వినిపించింది. చూస్తే మా బావ. మూడు రోజులుగా నవ్వని పిల్లాడు, బనీను ఒంటికి అతుక్కుపోయి, పళ్ళు టకటకలాడుతుంటే కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

ఎట్లాగో దిగాం. అప్పుడు నాయనమ్మ చేసిన పని నాకిప్పటికీ గుర్తు. దీపం కూడా వెలిగించకుండా బిందెలు, గంగాళం తెచ్చి తూము కింద పెట్టింది. మా ఇద్దర్నీ పిలిచి "చెయ్యి పెట్టి చూడండి" అంది. పెట్టాం. తూములోంచి పడే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, పొయ్యి మీంచి దించినట్టు. రెండు నెలల ఎండంతా డాబాలో దాగి ఉండి ఆ నీళ్ళతో దిగి పోతున్నట్టు అనిపించింది. చేతులు అలాగే ఉంచాం. కాసేపటికి వెచ్చదనం తగ్గింది, ఇంకాసేపటికి మామూలు నీళ్ళు, చివరికి చేతులు లాక్కునేంత చల్లన. అంతా పావుగంట. మా బావ ఆ ఏడాది ఇంకో ఇరవై రోజులు ఉండి వెళ్ళాడు.

ఉరుములు మెరుపుల్లో డాబా మీద అంతసేపు ఉండటం బుద్ధి తక్కువ పని, అది ఒప్పుకుంటాను. మెరుపు కనబడిన వెంటనే దిగిపోవాల్సింది. మీరు అలా చేయకండి.

మిగతా కాలాల గురించి త్వరగా చెప్పేస్తాను. తాతయ్య నెలలు లెక్కపెట్టేవాడు కాదు, కార్తెలు లెక్కపెట్టేవాడు. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. చైత్ర వైశాఖాలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి, ఏటా దాదాపు అవే తేదీలు. మృగశిర ఎప్పుడూ జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. రైతుకు పనికొచ్చే క్యాలెండర్ అదే. మూడు కాలాలని స్కూల్లో నేర్పేబదులు పిల్లలకు ఈ ఇరవై ఏడూ నేర్పితే, "మన దగ్గర వాతావరణం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది" అనే మాట ఎవరి నోటా రాదు. ఆరుద్రలో తొలివానకు ఎర్రటి పట్టుగుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగేవాళ్ళం. వరద బాగుండి సాగర్ గేట్లు ఎత్తారంటే, ఇరవై ఆరూ ఎత్తాల్సిన పనిలేదు, పదెత్తినా తుంపరకు చొక్కా తడిసిపోతుంది. దారిలో ఎత్తిపోతల జలపాతం కూడా అప్పుడే చూడాలి, ఎండాకాలం పోయి "ఇంతేనా" అనకూడదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనాలు ఉండనే ఉన్నాయి. చలికాలం చివర్లో మిరప కల్లాలు. కనుచూపు మేర ఎర్రగా ఆరబోసిన కాయలు, రాత్రి కాపలాకు అక్కడే చలిమంట వేసుకుని పడక. ఘాటుకు మొదటి రాత్రంతా తుమ్ములే. రెండో రాత్రి నుంచి నిద్ర బాగా పడుతుంది.

చలి అంటే గుర్తొచ్చింది. జనవరిలో స్నేహితులు బలవంతం చేస్తే లంబసింగి వెళ్ళాను. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, మంచు చూడటానికి జనం తెల్లవారుజామునే పోతారు. మేమూ పోయాం. కార్ల వరసలో గంటన్నర. నేను చూసిన పొగమంచులో సగం ముందు కారు వదిలిన పొగ. ఊరు మంచిదే, పాపం దాని తప్పేమీ లేదు. కానీ చలి కోసం రాత్రంతా ప్రయాణం చేసి అక్కడ కారు అద్దాలెత్తుకుని హీటర్ పెట్టుకునే వాళ్ళను ఏమనాలి? వీళ్ళే మే నెలలో ఫోన్‌లో డిగ్రీలు చూసి కిటికీ కూడా తీయరు.

ఇప్పుడు నేను ఉండేది హైదరాబాద్‌లో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఈ ఊరి ఎండాకాలం రాత్రులకు నేను వంక పెట్టను. పగలు ఎంత కాలినా పదకొండు దాటితే గాలి తిరుగుతుంది. దాన్ని అనుభవించే వాళ్ళేరీ? మా టెర్రస్‌కు తాళం. పిల్లలు పడతారని ఒకసారి, సోలార్ ప్యానెళ్ళని ఒకసారి, ఎవరో పార్టీ చేసుకున్నారని ఒకసారి. నెల నెలా మెయింటెనెన్స్ కట్టి సొంత ఆకాశానికి పర్మిషన్ అడుక్కోవాలి. మీటింగులో "డాబా మీద పడుకుంటాను" అంటే అందరూ ఏసీ పాడైందనుకున్నారు. ఒకాయన మెకానిక్ నంబర్ కూడా ఇచ్చాడు.

మొన్న మేలో కరెంటు పోయిన ఒక రాత్రి, పదకొండున్నరకి, ఇక ఆగలేక దుప్పటి, దిండు చంకన పెట్టుకుని పైకెళ్ళాను. తలుపు తీసే ఉంది. రెండు వాటర్ ట్యాంకుల మధ్య, గాలి సూటిగా తగిలే చోట, వాచ్‌మన్ పడుకుని ఉన్నాడు. కింద చాప, తలాపున నీళ్ళ సీసా. నన్ను చూసి గాభరాగా లేచాడు. "ఎవరికీ చెప్పకండి సార్" అన్నాడు. నేనూ అదే మాట అన్నాను. అతనిది అచ్చంపేట, మా పల్నాడు నుంచి నల్లమల దాటితే అవతల. మార్చి నుంచీ రోజూ ఇక్కడేనట.

నేను నేల మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. సిమెంటు ఆ వేళకు అలా ఉండదు.

"సాయంత్రం రెండు బకెట్ల నీళ్ళు కొట్టిన సార్," అన్నాడు. "రేపు మీరొస్తనంటే నాలుగు కొడ్త."