ఐదుగురి మీద ముగ్గురు

"హైస్కూల్ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో మీరు మర్చిపోలేని మ్యాచ్ ఏది, ఎవరి ఆట?" అని ప్రశ్న.

ఇలా అడగ్గానే ఎవరైనా ఎత్తుకునేది వంద పాయింట్ల కథలే. 1982 జనవరిలో కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ పాలీ హైస్కూల్ తరఫున షెరిల్ మిల్లర్ ఒక్కతే 105 పాయింట్లు కొట్టింది. 1990 ఫిబ్రవరిలో ఇంగిల్‌వుడ్‌ మార్నింగ్‌సైడ్ హైస్కూల్ అమ్మాయి లీసా లెస్లీ మొదటి సగంలోనే 101 కొట్టింది. 2006లో న్యూయార్క్‌లో ఎపిఫనీ ప్రిన్స్ 113. అరవై షాట్లు వేస్తే యాభై నాలుగు పడ్డాయి. గొప్పే, కాదనను. కానీ వీటిని మ్యాచ్‌లంటే మాత్రం నేను ఒప్పుకోను. మిల్లర్ ఆడిన రోజు స్కోరు 179-15. ప్రిన్స్ ఆడిన రోజు 137-32. లెస్లీ రోజున హాఫ్ టైమ్‌కి 102-24. అవతలి జట్టులో కొందరు ఫౌల్స్‌తో బయటికి పోయి, ఒకమ్మాయికి దెబ్బ తగిలి, ఇక మేం ఆడం అనేశారు. అక్కడితో సరి.

ఆ 102లో 101 లెస్లీవి. మిగిలిన ఆ ఒక్క పాయింటు వేసిన అమ్మాయి ఇంటికెళ్లి ఏం చెప్పుకుని ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనుమానం.

ఇంతగా మాట్లాడటానికి నాకేం అర్హత అంటారా? డాలస్‌కి ఉత్తరాన మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒకదాంట్లో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో క్లాసులో టీములో చేరినప్పటినుంచి స్కోరు బుక్ నేనే రాస్తున్నాను. ఇప్పుడు తను పదకొండో క్లాసు. మొదటి మీటింగులో కోచ్ "బుక్ ఎవరు రాస్తారు?" అని అడిగితే తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా ఫోన్లలోకి తల దూర్చారు. హాజరు పట్టీ లాంటిదేమోలే అనుకుని నేను చెయ్యెత్తాను. అలాంటిది కాదని మొదటి రోజే తెలిసొచ్చింది. ప్రతి అమ్మాయికీ ఒక వరస. బాస్కెట్ పడితే 2, దూరం నుంచి పడితే 3. అవతలివాళ్లు ఫౌల్ చేస్తే దొరికే ఫ్రీ త్రోకి ఒక సున్నా చుట్టాలి. పడితే దాన్ని పెన్సిల్‌తో నింపాలి, పడకపోతే ఖాళీగా వదిలేయాలి. పక్కన ఫౌల్స్‌కి ఐదు గడులు. ఐదోది నిండితే ఆ అమ్మాయి ఆట నుంచి బయటికే, ఆ క్షణంలోనే రిఫరీకి చెప్పాలి, ఆలస్యమైతే తప్పు నాది. ముక్కు విరిగిన పెన్సిల్ చెక్కుకునే లోపల రెండు బాస్కెట్లు పడిపోతాయి కాబట్టి చేతిలో ఒకటి, జడలో ఒకటి ఉంచుకుంటాను. "ఇప్పుడు యాప్‌లు వచ్చాయి కదండీ, ఇంకా ఈ పుస్తకమేంటి" అని ఒకాయన ప్రతి మ్యాచ్‌కీ నవ్వుతాడు. ఆ యాప్ పట్టుకుని కూర్చున్న ఆయనే కాసేపటికి వెనక నుంచి గొణుగుతాడు, "ఇందాకటి ఫౌల్ ఎవరిదండీ?" అని.

పుస్తకంలో ఎడమ పేజీ మనది, కుడి పేజీ వచ్చినవాళ్లది. రికార్డులన్నీ ఒక పేజీలో ఉంటాయి. నాకు రెండో పేజీ చూడటం అలవాటైపోయింది.

డాలస్‌లోనే, మేం ఇక్కడికి రాకముందు, 2009 జనవరిలో ఒక మ్యాచ్ జరిగింది. కవనెంట్ స్కూల్ అమ్మాయిలు డాలస్ అకాడమీ మీద 100-0తో గెలిచారు. హాఫ్ టైమ్‌కి 59-0. డాలస్ అకాడమీ అంటే చదువుకోవడంలో ఇబ్బందులున్న పిల్లల కోసం నడిచే చిన్న స్కూలు. హైస్కూల్లో అమ్మాయిలు ఉన్నదే ఓ ఇరవై మంది, అందులో ఎనిమిది మంది టీము. గెలిచిన స్కూలు తర్వాత క్షమాపణ చెప్పి, ఆ గెలుపు మాకొద్దని వదులుకుంది. ఆ క్షమాపణ సరికాదన్న వాళ్ల కోచ్ ఉద్యోగం పోయింది. దీని మీద మా ఇంట్లో రెండు పార్టీలు. మా ఆయన "చివరిదాకా గట్టిగా ఆడటమే అవతలివాళ్లకి ఇచ్చే గౌరవం" అంటాడు. ఆయన జీవితంలో ఏ ఆటలోనూ సున్నాకి ఓడిపోలేదు, ఎందుకంటే ఏ ఆటా ఆడలేదు.

ఇక నా మ్యాచ్.

మంగళవారం సాయంత్రం ఐదు గంటలు. ఐదు గంటలకి మ్యాచ్ పెట్టే మహానుభావుడెవరో గానీ ఉద్యోగం చేసే తల్లులంటే ఆయనకి బాగా కక్ష ఉండాలి. నేను నాలుగు గంటల కాల్ మధ్యలో కెమెరా ఆపేసి, కారులోంచి "అవును, అలాగే" అంటూ జిమ్‌కి చేరాను. అప్పటికి మా అమ్మాయి తొమ్మిదిలోనే ఉంది. అవతలి జట్టు రెండు గంటల దూరం నుంచి వచ్చింది. సగం మందికి ఫ్లూ అట. బస్సులోంచి దిగింది ఏడుగురే. అందులో ఒకమ్మాయి కాలికి మోకాలి దాకా పెద్ద బూటు లాంటి కట్టు. ఆ అమ్మాయే వాళ్ల బుక్ రాయడానికి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అంటే ఆడేవాళ్లు ఆరుగురు.

హాఫ్ టైమ్‌కి 31-6. మన పేజీ నిండిపోతోంది, వాళ్లది తెల్లగా ఉంది. పొట్టివాళ్లు, అలిసిపోయారు, అడుగు ఆలస్యంగా వేస్తారు. అడుగు ఆలస్యమైతే చెయ్యి ముందుకెళుతుంది, చెయ్యి వెళితే ఫౌల్. మూడో క్వార్టర్ చివర్లో వాళ్ల నంబర్ 5కి ఐదో ఫౌల్ పడింది. నేను పక్కకి తిరిగి బూటు అమ్మాయి పుస్తకం చూశాను. తను వేలితో గడులు లెక్కపెట్టి "అవును మేడమ్, ఐదు" అంది. హారన్ మోగింది. రిఫరీకి ఐదు వేళ్లు చూపించాను. బెంచీ మీదున్న ఒక్కతీ లేచి లోపలికెళ్లింది.

నాలుగో క్వార్టర్ మొదట్లోనే ఇంకో అమ్మాయికి ఐదు. ఇక బెంచీ ఖాళీ. నలుగురే. తర్వాత రెండు నిమిషాలకి ఒకమ్మాయి ముక్కు మా వాళ్ల మోచేతికి తగిలి రక్తం కారింది. తువ్వాలు పెట్టుకుని బయటికొచ్చేసింది. ముగ్గురు.

ఇక ఆట ఆగిపోతుంది అనుకున్నాను. ఆగదట. ఐదుగురితో మొదలుపెట్టాలి గానీ, మార్చడానికి మనుషుల్లేకపోతే తక్కువ మందితోనైనా కొనసాగించాల్సిందే అని రూలు. స్కోరు 44-10, నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది. రిఫరీ వాళ్ల కోచ్ దగ్గరికెళ్లి, గడియారం ఆపకుండా నడిపేద్దామా అని అడిగాడు. త్వరగా అయిపోతుంది కదా అని ఆయన ఉద్దేశం. ఆవిడ వెనక్కి తిరిగి ముగ్గురి మొహాలూ చూసింది. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. మామూలుగానే ఆడతారట.

అప్పుడు మా కోచ్ మేము కూడా ముగ్గురినే దింపుతాం అంది. కుదరదన్నాడు రిఫరీ. ఆడగలిగేవాళ్లు ఉన్నప్పుడు ఐదుగురూ కోర్టు మీద ఉండాల్సిందే. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ఇద్దరిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకతె మా అమ్మాయి. చెప్పింది ఏమిటంటే, బంతి ఏ సగంలో ఉంటే ఆ సగంలోకి మీరు వెళ్లొద్దు. మధ్య గీతకి ఇవతలే ఉండండి.

ఆ నాలుగు నిమిషాలూ నేను పుస్తకం తప్ప ఇంకేం చూడకూడదు. కానీ చూశాను. వాళ్ల నంబర్ 14 అందరిలోకీ పొట్టిది, జుట్టు ఊడిపోయి మొహమంతా అంటుకుపోయింది. నా పేజీలో ఆ అమ్మాయికి అప్పటికే నాలుగు ఫౌల్స్. ఇంకొక్కటి పడితే ఇద్దరే. అది తనకీ తెలుసు. అందుకని రెండు చేతులూ వీపు వెనక కట్టేసుకుని, డ్రిల్లు సారు ముందు నిలబడ్డ పిల్లలా, ఛాతీ అడ్డం పెట్టి డిఫెన్స్ ఆడింది. మా వాళ్లు ఎటు తిరిగితే అటు కాళ్లు మాత్రమే కదుపుతూ. ఒకసారి మా పొడుగు పిల్ల గుద్దేస్తే చేతులు విప్పకుండానే వెల్లకిలా పడింది. ఫౌల్ మా పిల్లకి పడింది. బూటు అమ్మాయి రాస్తూ రాస్తూ "యెస్" అని గట్టిగా అనేసి, నాలుక కరుచుకుని నావైపు చూసింది. నేను చూడనట్టు పెన్సిల్ చెక్కుకున్నాను.

ఆ నాలుగు నిమిషాల్లో వాళ్లు ఏడు పాయింట్లు కొట్టారు. మేం నాలుగు. చివరి నిమిషంలో మూడు పాయింట్ల గీత బయటి నుంచి నంబర్ 14 రెండు చేతులతో నడుము దగ్గర నుంచి విసిరిన బంతి బోర్డుకి తగిలి పడింది. మా వైపు కూర్చున్న తల్లిదండ్రులు కూడా లేచి అరిచారు. అంతకుముందు అదే తల్లిదండ్రులు "త్రీ సెకండ్స్, త్రీ సెకండ్స్" అని రిఫరీ మీద గొంతులు చించుకున్నారు, అందులో సగం మందికి ఆ మూడు సెకన్లు దేనికో తెలియదు. అది వేరే ఏడుపు.

48-17. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఆఖర్లో ఆ నంబర్ 14 చేతులు విప్పి మా వాళ్లలో ఒకరిని తోసింది. నేను చూశాను. రిఫరీకీ అది ఎదురుగానే జరిగింది, విజిల్ వేయలేదు. విజిల్ లేనిదే రాసే హక్కు నాకు లేదు. ఐదో గడి ఖాళీగానే ఉంది.

ఇదీ నేను చూసిన గొప్ప ఆట. 113 పాయింట్లు కొట్టినవాళ్ల పేరు చెప్పేవాళ్లకి నేను చెప్పే పేరు నంబర్ 14. అసలు పేరు పుస్తకంలో ఉంది గానీ, చిన్నపిల్ల, ఇక్కడ రాయను.

మ్యాచ్ మధ్యలో జరిగినది ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హాఫ్ టైమ్‌లో మన తెలుగావిడే ఒకావిడ నా దగ్గరికొచ్చి "వచ్చే ఏడాదికి మానిపించేస్తారు కదా? కాలేజీకి రాసే శాట్ పరీక్ష ప్రిపరేషన్‌కి టైమ్ ఎక్కడుంటుంది" అంది. నేను చీరాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. మాకు బాస్కెట్‌బాల్ స్తంభాలు ఉండేవి, రింగులు ఉండేవి కావు. ఆ స్తంభాలకి తాడు కట్టి అటెండరు తువ్వాళ్లు ఆరేసుకునేవాడు. అమ్మాయిలకి బాల్ బ్యాడ్మింటన్ ఒక్కటే. నేను బాగానే ఆడేదాన్ని, మండలం దాటి వెళ్లాను కూడా. తొమ్మిది అయ్యాక నాన్న "ఇక చాల్లే అమ్మా, టెన్త్" అన్నారు. అంతే, రాకెట్ అటక మీదకెళ్లింది. వేల మైళ్లు దాటొచ్చి, పాతిక డాలర్ల బూట్లకి బదులు నూట ఇరవై డాలర్ల బూట్లు కొని, అదే తొమ్మిదో క్లాసు, అదే మాట. ఆటలు మానేసిన పిల్లలకి మార్కులు పెరగడం నేనైతే ఒక్కరి విషయంలోనూ చూడలేదు. ఫోన్ చూడటం పెరుగుతుంది.

ఇక ఇంటికెళ్లే దారిలో. మా అమ్మాయి సీటు బెల్టు పెట్టుకున్నాక ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఆ రోజు దాని వరసలో సున్నా. నేను నంబర్ 14 గురించి మొదలుపెట్టబోయాను. "అమ్మా, ప్లీజ్. నేను ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నాను. ఇవాళ నాలుగు నిమిషాలు దొరికితే గీత దగ్గర నిలబెట్టారు. నేను రెండు బాస్కెట్లు వేసేదాన్ని" అంది. గొంతు వణికింది.

దాన్ని మళ్లించడానికి నాకు తెలిసిన కథ ఒకటి చెప్పాను. ఒకప్పుడు అయోవా రాష్ట్రంలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ అంటే జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో ఉండి బాస్కెట్లు వేస్తారు, ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకుంటారు. మధ్య గీత ఎవరూ దాటకూడదు. బంతిని రెండుసార్ల కంటే ఎక్కువ నేలకి కొట్టకూడదు. ఆ పద్ధతి 1993 దాకా నడిచింది. 1968 రాష్ట్ర ఫైనల్లో యూనియన్-విటెన్ స్కూల్ నుంచి డెనీస్ లాంగ్ 64 పాయింట్లు, ఎవర్లీ స్కూల్ నుంచి జెనెట్ ఓల్సన్ 76 పాయింట్లు. ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లి 113-107. గెలిచింది 64 వేసిన అమ్మాయి జట్టు. మరుసటి ఏడు డెనీస్ లాంగ్‌ని శాన్ ఫ్రాన్సిస్కో వారియర్స్ జట్టువాళ్లు మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, పిలిచారు, లీగ్ కమిషనర్ చెల్లదన్నాడు. వంద పాయింట్ల కథల్లో నేను ఒప్పుకునేది ఈ ఒక్క ఫైనల్‌నే, రెండు పేజీలూ నిండాయి కాబట్టి. అదీ ఓడిపోయిన ఓల్సన్ కోసం.

"అంటే ఆ రోజుల్లో సగం మంది అమ్మాయిలు ప్రతి మ్యాచ్‌లో నీలాగే గీత దగ్గర నిలబడి చూసేవాళ్లే" అన్నాను, ఏదో పెద్ద ఓదార్పు చెప్పినట్టు.

అది కిటికీలోంచి చూస్తూ, "వాళ్లకి కనీసం అది రూలు. నాకు రూలు కూడా కాదు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. వెనక సీట్లో బంతి మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతోంది.