పలకని అక్షరాలను ఒక్కసారి పలకనివ్వు

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఏడో తరగతి పిల్లాడు 'నైట్' అనే మాటను 'నిఘ్ట్' అని చదివితే క్లాసంతా ఘొల్లుమందనీ, వాడు ఆ పీరియడంతా మళ్ళీ నోరు విప్పలేదనీ అన్నావు. ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పిన దాన్నిగా అడుగుతున్నాను, రేపు వెళ్ళగానే ముందు వాణ్ణి లేపి అందరి ముందూ మెచ్చుకో. వాడు చదివింది ఇంచుమించు వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు.

అప్పట్లో ఇంగ్లాండులో రాత్రిని 'నిహ్ట్' అనేవాళ్ళు. ఆ హ గొంతును గీరుకుంటూ గట్టిగా వచ్చేది. కూతురు 'దొహ్తొర్', బలం 'మిహ్ట్'. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఆ దేశాన్ని గెలిచాక, ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడ్డ రాయసగాళ్ళు రానురానూ ఆ హకి బదులు జీ, హెచ్ కలిపి రాయడం మొదలుపెట్టారు. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో స్పెల్లింగు మెల్లగా గట్టిపడింది, నోట్లో ఆ హ మెల్లగా కరిగిపోయింది. మన బండి ఱ సంగతి గుర్తు తెచ్చుకో. పలుకు పోయాక మనం అక్షరాన్నీ వదిలేసి 'గుర్రం' అని మామూలు ర తోనే రాసుకుంటున్నాం. వాళ్ళు వదల్లేదు, అంతే తేడా.

అందుకని రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టించడం ఆపెయ్. బోర్డు మధ్యలో జీ, హెచ్, టీ మూడక్షరాలూ పెద్దగా రాసి, ఎడమవైపు ఖాళీ వదులు. ఒక్కొక్కళ్ళనే పిలిచి సుద్దముక్క చేతికివ్వు. ఒకడు ఎన్, ఐ చేరుస్తాడు, ఇంకొకతి ఎల్, ఐ, తర్వాత ఆర్, ఐ, ఆ తర్వాత ఎఫ్, ఐ. చేర్చినవాళ్ళు ఆ మాటను రెండుసార్లు పలకాలి, ముందు పాత గొంతుతో 'నిహ్ట్' అని, వెంటనే ఇప్పటి గొంతుతో 'నైట్' అని. నోరు ఒకసారి పలికిన అక్షరాన్ని చెయ్యి మర్చిపోదు. నా క్లాసుల్లో ఏటేటా చూశాను. జీ, హెచ్ లేని కైట్, బైట్ లాంటివి మాత్రం అదే రోజు ఎత్తుకోకు, రెండూ కలగలిసిపోతాయి.

వారం తర్వాత కే, ఎన్ జట్టు మొదలుపెట్టు. ఇప్పుడు 'నీ' అని పలికే మోకాలిని పాతవాళ్ళు క పలుకుతూ 'క్నే' లాగానే అనేవాళ్ళు. నేను ఆరో తరగతిలో 'క్నీ' అని చదివినందుకు బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. డిగ్రీ అయ్యాక ఒక నిఘంటువులో ఆ మాట పుట్టుక చూసి, లైబ్రరీలోనే కళ్ళు తుడుచుకున్నాను. అందుకే ఆ పిల్లాడి గురించి ఇంతగా చెబుతున్నాను.

ఈ కే దగ్గర పిల్లలకు 'జ్ఞానం' అని రాసి చూపించు. రాసేది జ తో, మనం పలికేది 'గ్నానం' అని. రాత ఒకటి, పలుకు ఒకటి అయ్యే సంగతి వాళ్ళకు కొత్తేం కాదు. పైగా ఇంగ్లీషు 'నో', అంటే తెలుసుకోవడం, ఈ జ్ఞానానికి చుట్టమే. అక్కడి కే, ఇక్కడి జ ఒకే మూలంలోంచి వచ్చాయి. మోకాలికి మన జానువు కూడా అంతే. తెలుగు వేరే కుటుంబం అనుకో, కానీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు ఇంగ్లీషుకు దూరపు బంధువులు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అన్నాడు, ఇంగ్లీషుకు చుట్టమైన పాత భాష గోతిక్‌నీ ఆ వరసలోనే చేర్చాడు. బోర్డు మీద ఎయిట్ పక్కన అష్ట, నైట్ పక్కన నక్తం, డాటర్ పక్కన దుహిత రాయి. జీ, హెచ్ ఉన్న చోటే మనకు ష, క, హ కనిపిస్తాయి. పిల్లలు వాటిని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టేదాకా ఆగు, నువ్వు తొందరపడి చెప్పెయ్యకు.

ఒక మాట మాత్రం దాచకు. 'డిలైట్' ఈ వంశంలో పుట్టింది కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు, 'లైట్'ని చూసి జీ, హెచ్ తగిలించారు. తెలివైన పిల్ల ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, నమ్మకం పెరుగుతుంది.

చివర్లో కే తో మొదలై జీ, హెచ్, టీ తో ముగిసే 'నైట్' రాయి. గుర్రమెక్కిన యోధుడు. పాతకాలంలో దాని పలుకు 'క్నిహ్ట్', అర్థం వట్టి 'కుర్రాడు'. దాన్ని మొదట చదివే అవకాశం ఆ పిల్లాడికే ఇవ్వు. వాడెలా చదివాడో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ