వత్తులు విడిపోతే తప్పెవరిది?

డిజైన్ పనిలో చిక్కులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలేజీ స్వర్ణోత్సవ సంచిక 64 పేజీలు. వ్యాసాలు టైపు చేయించి డిజైనర్‌కిచ్చాం. ఆయన ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) పెట్టి పంపిన ప్రూఫులో వత్తులన్నీ విడిపోయాయి. డిజైనర్ తప్పని డీటీపీ వాళ్లు, ఫాంటు తప్పని ఆయన. ఎవరిని పట్టుకోవాలి? (తెనాలి పాఠకురాలు)

జవాబు: ముందు డిజైనర్‌నే పట్టుకోండి, తగవుకి మాత్రం కాదు. ఇన్‌డిజైన్‌లో అక్షరాల్ని లైన్లుగా కూర్చే మామూలు ‘పారాగ్రాఫ్ కంపోజర్’కి తెలుగు వత్తులు కూర్చడం రాదు. ‘స్త్రీ’ లాంటి మాట పొల్లులతో సహా ముక్కలుగా పడుతుంది. దాని బదులు ‘వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకుంటే అక్షరాలు కలుస్తాయి. ఒక్కో పేరాకీ విడిగా కాకుండా, పారాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద మార్చమనండి. లేకపోతే రేపు కొత్తగా పేస్ట్ చేసిన పేరా మళ్లీ విడిపోతుంది.

అప్పటికీ కుదరకపోతే మ్యాటరు నిజంగా యూనికోడేనా (ఏ ఫాంటులోనైనా తెలుగుగానే ఉండే పద్ధతి) అని చూడాలి. ‘అను’ అనే పేరున్న, యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేస్తే తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ ఫైలు లోపల ఉండేవి వేరే గుర్తులు. ఫాంటు మార్చగానే పిచ్చి గీతలవుతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చొచ్చు. అయితే మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు, ఈమెయిల్ చిరునామాలు, కోట్ గుర్తులు అందులో పాడవుతాయి. ప్రూఫు చదివేవాళ్లు ముందు వాటినే వెతకాలి.

అసలు గొడవ దిద్దుబాట్ల దగ్గర వస్తుంది. రచయిత వర్డ్ ఫైలులో దిద్ది పంపుతారు. డిజైనర్ అప్పటికే పేజీలో నాలుగు తప్పులు సరిచేసి ఉంటాడు. కొత్త ఫైలు పేస్ట్ చేయగానే ఆ నాలుగూ తిరిగొస్తాయి. అందుకే మ్యాటరు పేజీలోకి ఎక్కిన రోజునుంచి వర్డ్ ఫైలు ముట్టుకోవద్దు. తర్వాతి మార్పులన్నీ పీడీఎఫ్ ప్రూఫు మీదే, ఒక్కరి చేతి మీదుగానే వెళ్లాలి. ‘పేజీ 23, రెండో కాలమ్, 7వ లైను, ఈ మాట బదులు ఈ మాట’ అని రాసివ్వాలి. వాయిస్ మెసేజ్‌లో దిద్దుబాట్లు చెప్పడమంత పనికిమాలిన పద్ధతి ఇంకోటి లేదు. ఫైలు పేరులో తేదీ, ప్రూఫు నంబరు పెట్టించండి. ‘ఫైనల్’ అన్న మాట వద్దు, దాని వెనకే ‘కొత్త ఫైనల్’ వస్తుంది.

ఇంకొకటి. మీ 64 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒకే షీటు మీద అచ్చేసి మడిచే పేజీల కట్టలు) నాలుగు. ఆఖర్లో ప్రకటన వచ్చిందని ఒక్క పేజీ కలపమంటే కుదరదు, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి పెరగాలి. ప్రకటనల గడువు వ్యాసాల గడువు కంటే ముందే పెట్టుకోండి.

ప్రశ్న: ఒక సంస్థకి లోగో చేస్తున్నాను. కమిటీలో ఐదుగురు. ఇప్పటికి 11 సార్లు మార్చాను. (వరంగల్ డిజైనర్)

జవాబు: పన్నెండోసారి మార్చకండి. ఐదుగురి మాటలూ ఒకే కాగితం మీద రాసి, వాళ్లలో ఒకరు సంతకం పెట్టి ఇవ్వమనండి. అది రాస్తున్నప్పుడే సగం మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ‘రిచ్‌గా కావాలి’ అంటే రిచ్‌గా అనిపించిన మూడు లోగోలు చూపించమనండి.

ఇకముందు కొటేషన్‌లోనే రాయండి: మూడు నమూనాలు, ఎంచుకున్నదాని మీద రెండు విడతల మార్పులు, ఆపైన విడతకి ఇంత. సగం డబ్బు అడ్వాన్సు. మొదటి నమూనాలు నలుపు-తెలుపులోనే చూపించండి. రంగు కనిపిస్తే అందరూ రంగు గురించే మాట్లాడతారు, ఆకారం సంగతి గాలికి పోతుంది. ఒక ప్రింటు రబ్బరు స్టాంపంత సైజులో తీసి బల్లమీద పెట్టండి. సన్నగీతలు మూసుకుపోవడం వాళ్ల కళ్లకే కనిపిస్తుంది.

ప్రశ్న: కంప్యూటర్లో నీలంగా ఉన్న అట్ట ప్రెస్‌లో ఊదాగా వచ్చింది. మళ్లీ అచ్చు వేయాలంటే ఖర్చు నాదేనంటున్నారు ప్రెస్ వాళ్లు.

జవాబు: అచ్చులో నీలం కోసం కలిపే సిరాలు సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ 100 శాతానికి దగ్గరగా ఉంటే నీలం ఊదాకి తిరుగుతుంది. మెజెంటాని సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువ ఉంచండి. ఫైలు ఆర్‌జీబీలో (తెర కోసం వాడే రంగుల పద్ధతి) పంపితే మార్పిడి ప్రెస్‌లో జరుగుతుంది, ఫలితం మీ చేతిలో ఉండదు. ఖర్చు సంగతికొస్తే, మీరు సంతకం చేసిన కలర్ ప్రూఫు ఉందా? ఉండి, అచ్చు దానికి భిన్నంగా వస్తే ప్రెస్‌ని అడగొచ్చు. ఫోన్ తెర మీద పీడీఎఫ్ చూసి ‘ఓకే’ అని ఉంటే మీ వాదన నిలవదు.

ప్రశ్న: డబ్బు మొత్తం ఇచ్చాం, డిజైనర్ ఓపెన్ ఫైలు (మళ్లీ మార్పులు చేసుకోగల అసలు ఫైలు) ఇవ్వనంటున్నాడు. హక్కు మాది కాదా?

జవాబు: డబ్బిచ్చినంత మాత్రాన అన్నీ మీవైపోవు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఓపెన్ ఫైలు సంగతి వేరు. ఇస్తాడా, ఎంతకిస్తాడు అన్నది పని మొదలెట్టే ముందే రాసుకోవాలి. ఇప్పుడైతే బేరమే దారి. ఫాంట్లు కూడా అడిగే ముందు లైసెన్సు చూడండి. రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, ఫైలుతో పాటు ఇచ్చెయ్యొచ్చు. ఆయన కొనుక్కున్న ఫాంటయితే మీరు విడిగా కొనుక్కోవాల్సి రావచ్చు.