‘జీసస్ లవ్స్ మీ’ బాణీ ఎవరిది? అది మోహన రాగమేనా?

మీరు అడిగినవి రెండు. పాటల పుస్తకంలో, క్రైస్తవ పిల్లలు పాడుకునే ‘జీసస్ లవ్స్ మీ’ పాట కింద అన్నా వార్నర్ అని ఒక్క పేరే ఉంది, బాణీ కూడా ఆవిడదేనా అన్నది మొదటిది. సంగీతం నేర్చుకున్న మీ అక్క అది మోహన రాగం అంటోంది, నిజమేనా అన్నది రెండోది.

బాణీ ఆవిడది కాదు. విలియం బ్రాడ్‌బరీ అనే అమెరికన్ సంగీతకారుడిది. మా చర్చిలో చాలా ఏళ్లుగా సండే స్కూల్ (ఆదివారం బైబిల్ తరగతి) పిల్లలకు కీబోర్డ్ మీద పాటలు నేర్పిస్తున్నాను. ఈ పాట దగ్గర ఆయన పేరు కూడా చెప్పకుండా ఉండలేను.

1860లో అన్నా, ఆవిడ అక్క సూసన్ కలిసి ‘సే అండ్ సీల్’ అనే నవల రాశారు. అందులో జబ్బుపడ్డ ఒక చిన్న పిల్లాడికి మాస్టారు పాడి వినిపించే పద్యం ఇది. అప్పటికి దీనికి పల్లవి లేదు, ఉన్నవి చరణాలే. 1862లో బ్రాడ్‌బరీ బాణీ కట్టి తన ‘గోల్డెన్ షవర్’ పాటల పుస్తకంలో వేశాడు. ప్రతి చరణం తర్వాత ‘యెస్, జీసస్ లవ్స్ మీ’ అని మూడుసార్లు వచ్చే పల్లవి ఆయన చేర్చిందే. దానికి కొత్త మాటలేమీ వెతుక్కోలేదు, పద్యం మొదటి రెండు పాదాల్లో ఉన్నవే తీసుకున్నాడు. ఇంకా చదవడం రాని పిల్లలు చరణాల దగ్గర నోరు మెదపకుండా నిలబడి, పల్లవి రాగానే గట్టిగా అందుకోవడం నేను ఎప్పుడూ చూసేదే. నా దృష్టిలో ఈ పాట ఇన్నాళ్లు నిలవడానికి సగం కారణం ఆ పల్లవే.

ఇక మోహనం. మీ అక్క చెవికి వినిపించింది నిజమే. మోహనంలో ఉండేవి ‘స రి గ ప ద’ అనే ఐదు స్వరాలే. స్వరాలు రాసి చూడండి. మొదటి వరుస ‘ప గ గ రి గ ప ప’, రెండోది ‘ద ద’ అంటూ పై షడ్జమం (‘స’) అందుకుని మళ్లీ ‘ప’ మీదికి దిగుతుంది. చరణం చివర, పల్లవి చివర ఒకే ముగింపు: ‘ప స గ రి స’. పాట మొత్తంలో ‘మ’ లేదు, ‘ని’ లేదు. కింది ‘స’ నుంచి పై ‘స’ వరకు సరిగ్గా ఒక్క స్థాయి. ఈ ఐదు స్వరాల్లో పక్కపక్కనే అర స్వరం దూరంలో ఉండే జత ఒక్కటీ లేదు కాబట్టి, పిల్లల శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా చెవికి పెద్దగా గుచ్చుకోదు.

అంతమాత్రాన బ్రాడ్‌బరీ మోహనంలో కట్టాడని అనలేం. అమెరికా, స్కాట్లాండ్ పాత పాటల్లో ఐదు స్వరాల బాణీలు చాలానే ఉన్నాయి. ‘అమేజింగ్ గ్రేస్’ కూడా అలాంటిదే. పైగా పాట కింద వాయించే కార్డ్స్‌లో, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల్లో, ‘మ’, ‘ని’ రెండూ వచ్చేస్తాయి. సి మేజర్‌లో, అంటే సి ని ‘స’గా పెట్టుకుని వాయిస్తుంటే ‘ద ద’ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టుకుంటాం, అందులో ఉన్నదే ‘మ’. మన సంగీతంలో స్వరాన్ని ఊపి పలికే గమకాలు అసలే లేవు. స్వరాలు మోహనానివే గానీ, నడక మాత్రం పాశ్చాత్యమే.

ఇంత సులువైన బాణీ ఆయనకు ఊరికే రాలేదు. 1816లో మెయిన్ రాష్ట్రంలోని యార్క్‌లో పుట్టాడు. బోస్టన్‌లో లోవెల్ మేసన్ అనే సంగీత గురువు దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లో పిల్లలకు పాటల తరగతులు నడిపాడు, వందలమంది పిల్లలతో కచేరీలు చేయించాడు. 1847లో జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లి అక్కడా చదువుకున్నాడు. అంత శాస్త్రీయ సంగీతం నేర్చుకుని వచ్చిన మనిషి సండే స్కూల్ పిల్లల కోసం ఐదు స్వరాలతో సరిపెట్టడం చూస్తే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. ‘స్వీట్ అవర్ ఆఫ్ ప్రేయర్’, ‘హి లీడెత్ మీ’ బాణీలూ ఆయనవే. కళ్లు లేని కవయిత్రి ఫ్యానీ క్రాస్బీ 1864లో కీర్తనలు రాయడం మొదలుపెట్టింది ఈయన కోసమే. 1868లో, 51 ఏళ్లకే క్షయతో పోయాడు.

మీ పిల్లలకు నేర్పేటప్పుడు శ్రుతి సి లో గానీ డి లో గానీ పెట్టండి. మరీ పైకి పెడితే పల్లవిలో పై షడ్జమం దగ్గర అరుస్తారు. ముందు పల్లవి ఒక్కటే, కార్డ్స్ లేకుండా విడి స్వరాలతో వాయించి పాడించండి. అది నోటికి వచ్చాక చరణాలు ఎత్తుకోండి.